చక్రానికీ హబ్‌కీ మధ్య ఆ బిళ్ల వద్దు: విజయవాడ మెకానిక్కులకు, వాహనాల తనిఖీ అధికారులకు బహిరంగ లేఖ

విజయవాడలో కార్ల చక్రాల పని చేసే మేస్త్రీలకు, టైర్ల షాపుల వాళ్లకు, యాక్సెసరీస్ అమ్మేవాళ్లకు, నాతోటి లేత్ టర్నర్లకు, వాహనాల ఫిట్‌నెస్ చూసే అధికారులకు నమస్కారం.

నేను జవహర్ ఆటోనగర్‌లో 27 ఏళ్లుగా లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే మెషీన్) మీద పని చేస్తున్నాను. ఈ లేఖ వీల్ స్పేసర్ల గురించి. అంటే చక్రాన్ని బయటికి జరపడానికి రిమ్ముకీ, రిమ్ముని బిగించే హబ్‌కీ (బండి వైపు తిరిగే భాగం) మధ్య పెట్టే అల్యూమినియం బిళ్ల గురించి. బండి వెడల్పుగా, నేలకి అతుక్కున్నట్టు కనిపిస్తుందని కుర్రవాళ్లు వేయించుకుంటారు. వెడల్పు టైరు వేస్తే లోపల సస్పెన్షన్‌కి రాసుకుంటోందని ఇంకొందరు వేయించుకుంటారు.

మే నెల నుంచి మూడు చోట్ల ఈ మాట చెప్పాను. బిళ్లలు బిగించిన షాపుకి వెళ్తే, బండి చేతులు మారింది కదా, మాకేం సంబంధం అన్నారు. మనవాళ్లు పదిమంది కూర్చున్న చోట లేవనెత్తితే, మనం వెయ్యకపోతే పక్కవాడు వేస్తాడన్నారు. ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చి రెండుసార్లు తిరిగితే, ఇది మా పరిధి కాదన్నారు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు జరిగింది చెబుతాను.

మా మేనల్లుడు పోయినేడాది ఒక చిన్న కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ముందు చక్రాలకి 25 మిల్లీమీటర్ల స్పేసర్లు ఉన్నాయి. అమ్మినవాళ్లు అదేదో గొప్ప సౌకర్యం లాగా చెప్పారు. ఏప్రిల్ ఆఖరులో స్టీరింగ్ వణకడం మొదలైంది. వాడు అశ్రద్ధ చెయ్యలేదు. వెంటనే బ్యాలెన్సింగ్‌కీ అలైన్‌మెంట్‌కీ తీసుకెళ్లాడు. చక్రాలు విప్పారు, మెషీన్ మీద తిప్పారు, సీసం ముక్కలు కొట్టారు, మళ్లీ బిగించారు. అలైన్‌మెంట్ కాగితం మీద అంకెలన్నీ పచ్చరంగులో వచ్చాయి. చక్రం విప్పినప్పుడు హబ్ మీద స్పేసర్ ఎదురుగా కనపడుతూనే ఉంది. దాని నాలుగు నట్ల మీద ఎవరూ పానా పెట్టలేదు.

తర్వాత వారానికి వాడు మా అక్కని ఎక్కించుకుని బందరు పెళ్లికి బయలుదేరాడు. కంకిపాడు దాటి ఉయ్యూరు వైపు వెళ్తుండగా ముందు ఎడమ చక్రం ఊడిపోయింది. వేగం 70 లోపే. కారు కుంగి, రోడ్డుని గీసుకుంటూ మార్జిన్‌లోకి వెళ్లి ఆగింది. వాళ్లిద్దరికీ దెబ్బలు తగల్లేదు. చక్రం మాత్రం ఆగలేదు. స్పేసర్‌తో సహా దొర్లుకుంటూ వెళ్లి, చెట్టు కింద గోనెపట్టా మీద ముంజలు పెట్టుకుని అమ్ముకుంటున్న ఒక పెద్దావిడ కాలికి తగిలింది. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. లోపల రాడ్ వేశారు.

నేను ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఆవిడ ఎవర్నీ తిట్టలేదు. "ముంజల కాలం రెండు నెలలే బాబూ, ఈ ఏడాదికి పోయినట్టే" అంది. ఆ రెండు నెలల సంపాదనతోనే వర్షాకాలం అంతా గడుపుకుంటుందట. ఆస్పత్రి ఖర్చు మా అక్కావాళ్లు పెట్టుకున్నారు. ఆవిడ నడిచే కాలం, అమ్ముకునే కాలం ఎవరిచ్చేది?

కారు ఆటోనగర్‌కి తెచ్చాక హబ్ నేనే చూశాను. నాలుగు స్టడ్‌లలో (నట్టు ఎక్కడానికి హబ్ నుంచి బయటికి ఉండే మరల కడ్డీలు) రెండు విరిగిపోయాయి, రెండింటికి థ్రెడ్లు, అంటే మరలు, ఒలిచేసినట్టు పోయాయి. విరిగిన స్టడ్ ఒకటి నా బల్ల మీద లైటు కింద పెట్టాను. విరిగిన ముఖం ముప్పాతిక వంతు నున్నగా ఉంది. దాని మీద ఆల్చిప్ప వీపు మీద ఉన్నట్టు ఒకదాని వెనక ఒకటి వంపు గీతలు. ఒక మూల మాత్రం రాళ్లుప్పు పలుకులా గరుగ్గా, మెరుస్తూ ఉంది. ఒక్క దెబ్బకి విరిగిన ఇనుము ఇలా ఉండదు. చాలా రోజులుగా కొంచెం కొంచెం చిట్లుతూ వచ్చి, మిగిలిన ఆ మూల ఇక మొయ్యలేక తెగింది. ఆ చిట్లు పెరుగుతున్నప్పుడే మనవాళ్లు చక్రం విప్పి, బిగించి పంపారు.

స్పేసర్ కూడా చూశాను. ఆ కారు హబ్ మధ్య మెట్టు 54.1 మిల్లీమీటర్లు. స్పేసర్ బోరు, అంటే మధ్య రంధ్రం, 73. చుట్టూ తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఖాళీ. ముఖం మీద టూల్ గీతలు చూడగానే అది మన ఊరి లేత్ మీద కోసిందేనని తెలిసింది. అది నేను కోసింది కాదు. కానీ 2018 నుంచి 2020 దాకా నేను కూడా దాదాపు 60 బిళ్లలు కోశాను. శాంపిల్ తెచ్చి ఇచ్చేవాళ్లు, అలాగే కోసి ఇచ్చేవాణ్ణి. ఏ బండికి, ఎంత బరువుకి, ఏ లోహంతో అని నేను అడగలేదు. పాత పిస్టన్లు కరిగించి పోసిన కడ్డీతో కోసినవి కూడా వాటిలో ఉన్నాయి. ఆ తప్పు నాది. కాబట్టి ఈ లేఖలో మీ అని ఎక్కడ రాసినా అందులో నేనూ ఉన్నాను.

ఇప్పుడు అసలు విషయం. పని తెలిసినవాళ్లకి ఇందులో కొన్ని తెలిసినవే. తెలిసినా రోజూ గుర్తుండవు కాబట్టి వరుసగా రాస్తున్నాను.

1. చక్రాన్ని పట్టుకుని ఉంచేది బిగింపు, స్టడ్ ఒక్కటే కాదు.

కారు బరువు స్టడ్‌ల మీద వేలాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నట్టు బిగించినప్పుడు స్టడ్ రబ్బరు లాగా కొద్దిగా సాగుతుంది. అది వెనక్కి రావాలని లాగే లాగుడు రిమ్ముని హబ్‌కి అదిమి పెడుతుంది. ఆ రెండు ముఖాల మధ్య రాపిడే బండిని మోస్తుంది. 12 మిల్లీమీటర్ల స్టడ్‌ని 100 న్యూటన్ మీటర్ల టార్క్‌తో (తిప్పే బలం) బిగిస్తే ఒక్కోటి సుమారు నాలుగు టన్నుల బలంతో అదుముతుంది. ఇంత బలం కోసం స్టడ్ సాగేది ఎంత? మిల్లీమీటరులో పదో వంతు కూడా కాదు, ఇంచుమించు ఒక వెంట్రుక మందం. ఆ వెంట్రుక మందం పోతే నాలుగు టన్నులూ పోయినట్టే.

మామూలు చక్రానికి అదుముకునే ముఖాలు ఒక జత. స్పేసర్ పెట్టగానే రెండు జతలవుతాయి. ఏ ముఖం మీద తుప్పు పొర ఉన్నా, పెయింటు ఉన్నా, మట్టి ఉన్నా, లేత్ గీతల అంచులు నలిగినా, నాలుగు రోజులు తిరిగాక ఆ పొర అణిగిపోతుంది. అణిగినంత మేరా బిగింపు వదులవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మునిగిన బండ్లు మన దగ్గరికి ఎన్ని వచ్చాయో మీకు తెలుసు. వాటిలో హబ్ ముఖం మీద తుప్పు పొరలు పొరలుగా లేచిన బండికి, వైరు బ్రష్ కూడా కొట్టకుండా దాని మీదే స్పేసర్ పెట్టడం నేను కళ్లారా చూశాను.

బిగింపు వదిలాక స్టడ్ వంగడం మొదలవుతుంది. 70 వేగంలో ఆ సైజు చక్రం సెకనుకి పదిసార్లకి పైగా తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ స్టడ్ ఒకసారి వంగి లేస్తుంది. అంటే బందరు వెళ్లేలోపు 35 వేలసార్లకి పైనే. పల్చటి ఇనుప రేకుని పదిసార్లు ఇటూ అటూ వంచితే ఏమవుతుందో పిల్లలకి కూడా తెలుసు.

బోరు సరిగ్గా హబ్ మెట్టు మీద కూర్చుంటే చక్రం నడిమధ్యలో నిలుస్తుంది. అన్ని బండ్లకీ సరిపోతుందని అమ్మే పెద్ద బోరు బిళ్లలు దేని మీదా కూర్చోవు. చక్రం మధ్యకి వచ్చిందా లేదా అన్నది నట్లు బిగించిన వరసని బట్టి ఉంటుంది. వెంట్రుకవాసి పక్కకి కూర్చుంటే చాలు, వణుకు. ఆ వణుకు మళ్లీ నట్లని వదులు చేస్తుంది.

2. ముఖ్యమైన నట్లు బయటికి కనపడవు.

మందంగా ఉండే స్పేసర్లని ముందు హబ్‌కి బిగిస్తారు, తర్వాత స్పేసర్‌కి ఉన్న సొంత స్టడ్‌లకి చక్రం బిగిస్తారు. చక్రం ఎక్కించాక లోపలి నట్లు దాని వెనక దాక్కుంటాయి. యజమాని ఎంత జాగ్రత్తపరుడైనా, నెలకోసారి వీల్ పానా తీసుకుని నట్లు చూసుకునేవాడైనా, అతను బిగించేది బయటి నాలుగింటినే. కొత్తగా బిగించిన ఏ స్పేసర్‌కైనా 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం విప్పి లోపలి నట్లు మళ్లీ టార్క్‌కి బిగించాలి. ఎన్ని షాపులు కస్టమర్ని మళ్లీ పిలిచి ఆ పని చేస్తున్నాయి? నేను అడిగినవాళ్లలో ఒక్కరు కూడా చేస్తున్నామని చెప్పలేదు.

పైగా ఎయిర్ గన్ పెట్టి టకటకా కొట్టి వదిలేస్తాం. ఆ గన్ ఎంత బిగించిందో దానికీ తెలియదు, మనకీ తెలియదు. ఎక్కువైతే స్టడ్ సాగిపోతుంది, తక్కువైతే వదులవుతుంది. చిన్న కార్లకి కంపెనీ చెప్పే టార్క్ ఎక్కువగా 85 నుంచి 125 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. ఆ అంకె బండితో వచ్చే పుస్తకంలో ఉంటుంది.

3. థ్రెడ్లు చాలవు, లేదా స్టడ్ కోసేస్తారు.

పల్చటి బిళ్లలకి సొంత స్టడ్‌లు ఉండవు. పాత స్టడ్ మీదే తొడిగి పైన చక్రం పెడతారు. 5 మిల్లీమీటర్ల బిళ్ల వేస్తే నట్టుకి దక్కే స్టడ్ 5 మిల్లీమీటర్లు తగ్గింది. స్టడ్ ఎంత లావో కనీసం అంత పొడుగు నట్టులో ఎక్కాలి. 12 మిల్లీమీటర్ల స్టడ్‌కి పిచ్ (ఒక మర చుట్టుకీ పక్క చుట్టుకీ దూరం) 1.5 అయితే ఎనిమిది చుట్లు, 1.25 పిచ్ అయితే తొమ్మిదిన్నర. చేత్తో తిప్పి లెక్కపెడితే తెలిసిపోతుంది. నాలుగైదు చుట్లకే బిగిసిపోయిన నట్లతో రోడ్డెక్కిన బండ్లు నా దగ్గరికి వచ్చాయి. ఎన్ని చుట్లు ఎక్కాయో ఆ యజమానులకి తెలియదు.

మందం బిళ్లల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. పాత స్టడ్ కొస స్పేసర్ దాటి బయటికి వచ్చి రిమ్ముకి తగులుతుంది. కొన్ని అలాయ్ రిమ్ములకి వెనక గుంటలు ఉంటాయి కాబట్టి సరిపోతుంది. మామూలు స్టీలు రిమ్ముకి అవి ఉండవు. అప్పుడేం చేస్తారు? గ్రైండర్ పెట్టి కంపెనీ స్టడ్ కొస కోసేస్తారు. రేపు ఆ యజమాని స్పేసర్ వద్దని తీసేస్తే, కురచైన స్టడ్‌ల మీద మామూలు చక్రం కూడా సరిగ్గా నిలవదు.

4. బరువు అదే, మోసే తీరు మారుతుంది.

నీళ్ల బిందె చంకన పెట్టుకుని నడవడం వేరు, చెయ్యి చాపి పట్టుకుని నడవడం వేరు. స్పేసర్ బేరింగ్‌తో చేయించేది ఆ రెండో పని. నిండా మనుషులున్న చిన్న కారులో ముందు చక్రం మీద సుమారు 350 కిలోలు పడుతుందనుకుందాం. దాన్ని 25 మిల్లీమీటర్లు బయటికి జరిపితే, బేరింగ్ మీద పడే అదనపు వంపు బలం 35 కిలోల బరువుని పాతిక సెంటీమీటర్ల చివర వేలాడదీసినంత. ఇది బండి నిలబడి ఉన్నప్పటి లెక్క. గుంటలో పడ్డప్పుడు ఇంకా ఎన్నో రెట్లు. వీల్ బేరింగ్, లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్ అన్నీ ముందే అరుగుతాయి. బేరింగ్ హోరు మొదలయ్యాక వచ్చిన కస్టమర్‌కి కొత్త బేరింగ్ వేసి పంపుతున్నాం, స్పేసర్ మాట ఎత్తడం లేదు. ఆరు నెలల్లో మళ్లీ వస్తాడు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. తక్కువ ఆఫ్‌సెట్ ఉన్న, అంటే తనే చక్రాన్ని బయటికి జరిపేలా చేసిన, రిమ్ము వేసి చక్రాన్ని అంతే బయటికి తెచ్చినా బేరింగ్ మీద ఈ బరువు ఇలాగే పడుతుంది. మధ్యలో అదనపు అతుకు ఉండదు, అంతే తేడా.

5. స్టీరింగ్ చేతిలోంచి లాగేసుకుంటుంది, అలైన్‌మెంట్ కాగితం ఆ సంగతి చెప్పదు.

ముందు చక్రం ఒక ఏటవాలు గీత చుట్టూ పక్కకి తిరుగుతుంది. ఆ గీత నేలని తాకే చోటుకీ టైరు నడిమికీ ఉన్న దూరాన్ని కంపెనీ లెక్కకట్టి పెడుతుంది. దాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. ముందు చక్రాలు లాగే చాలా కార్లలో ఈ దూరాన్ని చాలా తక్కువగానో, గీత టైరు నడిమి కంటే బయటికి పడేలాగానో పెడతారు. ఒక పక్క చక్రం ఇసుకలో, ఇంకో పక్క చక్రం తారు మీద ఉన్నప్పుడు బ్రేక్ కొట్టినా బండి పక్కకి కొట్టుకుపోకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. 25 మిల్లీమీటర్ల స్పేసర్ ఆ లెక్కని తుడిచేస్తుంది. అప్పటి నుంచి ప్రతి గుంటా స్టీరింగ్‌ని గుంజుతుంది. టైరు పగిలినప్పుడు గుంజుడు ఇంకా ఎక్కువ.

అలైన్‌మెంట్ మెషీన్ చూసేది క్యాంబర్, క్యాస్టర్, టో అనే చక్రాల కోణాలు. ఈ దూరం మామూలుగా ఆ కాగితం మీద ఉండదు. మా మేనల్లుడికి పచ్చ అంకెల కాగితం ఇచ్చిన కుర్రాడు అబద్ధం చెప్పలేదు. మెషీన్ చూపించనిది తనూ చూడలేదు, అంతే. మా మేనల్లుడు ఆ కాగితం చూసుకుని టెన్షన్ పోయిందనుకున్నాడు.

6. టైరు బాడీ దాటి బయటికి వస్తే చిమ్మే బురద, రాళ్లు వెనకొచ్చే బైకు మీద పడతాయి. అయిదుగురు ఎక్కి బండి కిందికి దిగినప్పుడు టైరు పక్క గోడ ఫెండర్ (చక్రం పైన ఉండే బాడీ రేకు) అంచుకి కోసుకుంటుంది. ఖాళీ బండిని షాపులో అటూ ఇటూ తిప్పి చూసి, తగలట్లేదు అని చెప్పడం పరీక్ష కాదు.

7. చట్టం, ఇన్సూరెన్స్ వచ్చి పట్టుకునేది యజమానిని.

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకీ రిజిస్ట్రేషన్ వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ ఉపసెక్షన్‌లో ఉన్నది యజమాని. బిళ్ల కోసిన నేను గానీ బిగించిన మీరు గానీ ఆ మాటలో లేం.

మా వాడి కారుని ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి చూశాడు. అతను మొదట ఫొటో తీసింది స్పేసర్‌నే. పాలసీలో రాయించని మార్పు అని రిపేరు క్లెయిమ్ ఒప్పుకోలేదు. వాడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పుడే ఆ బిళ్లలు ఉన్నాయి, వాడికి దాని సంగతే తెలియదు. అయినా నష్టం వాడిదే అయింది.

స్పేసర్ అనేదే ప్రపంచంలో ఎక్కడా ఉండకూడదని నేను అనడం లేదు. పోర్షే కంపెనీ తన కార్లలో కొన్నిటికి తనే 5 మిల్లీమీటర్ల స్పేసర్లు, వాటికి తగ్గ పొడుగు బోల్టులతో సహా అమ్ముతుంది. జర్మనీలో స్పేసర్ వేయాలంటే ఫలానా కారుకి పనికొస్తుందని పరీక్ష చేసిన కాగితం ఉండాలి. చక్రాల మధ్య వెడల్పు పెరిగితే మలుపులో బండి కొంచెం నిలకడగా ఉంటుందన్న మాట కూడా నిజమే. అక్కడ లోహం ఏదో తెలుసు, ఎంత బరువు మోస్తుందో తెలుసు, ఏ బండికో తెలుసు. 6061-టీ6 రకం అల్యూమినియం చదరపు మిల్లీమీటరుకి సుమారు 28 కిలోల దాకా సాగిపోకుండా తట్టుకుంటుంది. మనం కోసే పోత కడ్డీ ఎంత తట్టుకుంటుందో చెప్పమంటే నేను చెప్పలేను. కోసేటప్పుడు సూది మొనంత గాలి బుడగలు టూల్ కింద ఎన్నోసార్లు కనిపించాయి. ఇంకో పాస్ తీసి నున్నగా చేసి ఇచ్చేశాను.

ఇంకొక్క మాట చెప్పి అడగాల్సినవి అడుగుతాను. ట్యాక్సీలకి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది. సొంత కారుకి రిజిస్ట్రేషన్ అయిన 15 ఏళ్ల దాకా ఏ అధికారీ చక్రం వెనక్కి తొంగి చూడడు. ఆ 15 ఏళ్లూ చూసేది టైరు మార్చే కుర్రాడు, బ్రేక్ ప్యాడ్లు వేసే మేస్త్రీ. అందుకే అధికారుల కంటే ముందు మనవాళ్లని అడుగుతున్నాను.

షాపుల వాళ్లనీ మేస్త్రీలనీ అడిగేవి:

1. ఫలానా మోడల్‌కి అని తయారీదారు పేరు, పరీక్ష కాగితం లేని స్పేసర్ అమ్మకండి, బిగించకండి. అన్ని బండ్లకీ సరిపోయే బిళ్ల అంటూ ఏదీ లేదు.

2. వేరే పని మీద చక్రం విప్పినా సరే, స్పేసర్ కనపడితే లోపలి నట్ల మీద టార్క్ రెంచ్ (ఎంత బిగించామో చూపించే పానా) పెట్టండి. యజమానిని దగ్గరికి పిలిచి వేలు పెట్టి చూపించండి. బిల్లు మీద "స్పేసర్ ఉంది" అని రాయండి. రెండు నిమిషాల పని. ఏప్రిల్‌లో ఆ రెండు నిమిషాలు ఎవరైనా పెట్టి ఉంటే ఆ పెద్దావిడ ఈపాటికి నడుస్తూ ఉండేది.

3. కంపెనీ స్టడ్‌ని గ్రైండర్‌తో కొయ్యకండి. ఇప్పటికే కోసినవి ఉంటే కొత్త స్టడ్‌లు వెయ్యండి.

4. లేత్ వాళ్లం శాంపిల్ చూసి స్పేసర్లు కొయ్యడం ఆపేద్దాం. రోజుకి రెండు మూడు వందలు తగ్గుతాయి, నాకు తెలుసు. నేను 2020 తర్వాత ఒక్కటి కూడా కొయ్యలేదు. బ్రేక్ డ్రమ్ముల పనే చేసుకుంటున్నాను.

సెకండ్‌హ్యాండ్ కార్లు అమ్మిపెట్టేవాళ్లు కూడా స్పేసర్లు విప్పి అమ్మండి, లేదా అగ్రిమెంట్ కాగితంలో రాయండి.

అధికారులని అడిగేవి:

5. ఫిట్‌నెస్‌కి వచ్చిన ట్యాక్సీల్లో టైరు ఫెండర్ దాటి బయటికి కనిపిస్తే ఒక చక్రం విప్పించి చూడండి. పది నిమిషాలు పడుతుంది. ఎయిర్‌పోర్టు నుంచి, రైల్వే స్టేషన్ నుంచి రోజూ ఎంతమంది కుటుంబాలతో ఆ బండ్లు ఎక్కుతున్నారో చూస్తూనే ఉన్నారు.

6. రోడ్డు మీద పట్టుకుని యజమానికి జరిమానా రాయడంతో సరిపెట్టకండి. ఎక్కడ వేయించారో అడిగి, ఆ షాపుకి కూడా నోటీసు ఇవ్వండి.

7. ఇలాంటి ఫిర్యాదు ఏ కార్యాలయంలో, ఏ అధికారికి ఇవ్వాలో స్పష్టంగా ప్రకటించండి. నాకు ఎదురైన "మా పరిధి కాదు" అనే మాట ఇంకొకరు వినకూడదు.

దసరా దగ్గరకొస్తోంది. ఆయుధ పూజ రోజు మనం పానాలకి, లేత్‌లకి, బండ్లకి బొట్లు పెడతాం. చుట్టుపక్కల జిల్లాల నుంచి అమ్మవారి దర్శనానికి వేల కార్లు వస్తాయి. ఈలోపు షాపుల వాళ్లందరం ఒక ఆదివారం కూర్చుని ఈ ఏడు విషయాలూ మాట్లాడుకుందాం. చోటు దొరక్కపోతే నా షెడ్డు ఉంది. విరిగిన ఆ స్టడ్ అగ్గిపెట్టెలో పెట్టి బల్ల మీదే ఉంచాను, ఎవరైనా వచ్చి లైటు కింద చూడొచ్చు.

నేను కోసిన 60 బిళ్లల్లో గుర్తున్నవాళ్లకి ఫోన్లు చేశాను. ఆరుగురు బండ్లు తెచ్చి విప్పించుకున్నారు. మిగతావి చేతులు మారాయి, ఎక్కడ తిరుగుతున్నాయో తెలియదు. బిళ్ల లోపలి అంచు మీద రెండు చుక్కల పంచ్ గుర్తు ఉంటే అది నా పని. ఆ బండి ఎవరిదైనా సరే తీసుకురండి. విప్పి, అవసరమైతే కొత్త స్టడ్‌లు వేసి, మామూలు చక్రం బిగించి ఇస్తాను. డబ్బు తీసుకోను.

ఇట్లు,
ఒక లేత్ టర్నర్,
జవహర్ ఆటోనగర్, విజయవాడ.